నోటి బియ్యం

గురువారం పొద్దున కల్యాణవల్లి గది తలుపు తెరిచేసరికి, బల్ల మీద టెలిఫోనును ఎవరో శవాన్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి పోయారు.

కింద కొత్త కోరాగుడ్డ పరిచారు. నల్లటి రిసీవరును దించి, తల దక్షిణానికి వచ్చేలా నిలువుగా ఉంచారు. మెడ చుట్టూ చామంతి దండ వేశారు. చెవికి ఆనించుకునే గుండ్రటి మూతకు పసుపు పూసి, నడుమ రూపాయి బిళ్ళ అతికించారు. మాట్లాడే వైపు చిల్లుల నిండా పసుపు కలిపిన పచ్చిబియ్యం. వేలితో ఒత్తి ఒత్తి కూరారు. పట్టని గింజలు గుడ్డ మీద రాలి ఉన్నాయి. తలాపున ఒక సత్తు పళ్ళెంలో ప్రమిద. ఒత్తి పూర్తిగా కాలి ఆరిపోయింది కానీ ఆముదం వాసన ఇంకా గది వదల్లేదు.

కల్యాణవల్లి గడప దాటలేదు. చేతిలోని క్యారియరు తలుపుకు తగిలి చప్పుడైతే, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది. రిసీవరులోంచి సన్నగా గుయ్యిమని మోత వస్తూనే ఉంది. ఆ మోత వినడం ఆమె వల్ల కాలేదు. గబగబా మెట్లు దిగి వీధిలోకి వచ్చి పడింది.

తీర్థకట్ట వీధిలో పూలకొట్టు పైన ఉన్న ఆ ఒంటిగదికి 'ఆసరా' అని పేరు. రిటైరైన హెడ్మాస్టరు సుదర్శనం గారు పెట్టిన సంస్థ. ఉన్నది ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక టెలిఫోను. బతుకు మీద విరక్తి పుట్టి, ఏడుకొండలవాడి కాళ్ళ దగ్గరే పోదామని తిరుపతికి వచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ళు దిగేది లాడ్జీల్లోనే. అందుకని ఊళ్ళోని లాడ్జీల్లో అద్దాల పక్కన సుదర్శనం గారు ఒక చీటీ అంటించారు. 'మనసు బరువైందా? మాతో మాట్లాడండి. పేరు అడగం.' దాని కింద టెలిఫోను నంబరు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆ ఫోనెత్తే మనిషి కల్యాణవల్లి.

కబురందుకుని సుదర్శనం గారు వచ్చారు. ఆయన వెనకాలే హెడ్ కానిస్టేబుల్ ఆదిమూలం వచ్చాడు. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టోపీ తీసి, తల గోక్కున్నాడు.

"నా సర్వీసులో శానా శవాలు సూసినాను సార్. ఫోను శవాన్ని సూసేది ఇదే మొదులు. పంచనామా ఎవురి పేరున రాసేది? తంతి తపాలా శాఖ పేరునా?"

"నవ్వులాటకు సమయం కాదయ్యా," అన్నారు సుదర్శనం గారు.

"నవ్వకపోతే ఈ ఉద్యోగం చేసేదెట్ల సార్? పాపా, నువ్వు చెప్పు. ఎవురి మీదన్నా అనుమానముండాదా?"

కల్యాణవల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పేరు చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. ఈ గదిలో విన్నది గడప దాటకూడదన్నది మొదటి నియమం. కానీ బియ్యం తన నోట్లో పోసినట్టే ఉంది. గొంతు దాకా తగులుతోంది.

"బెల్లం మండీ చిన్నబ్బ అని ఒకాయన. వాళ్ళావిడ మాకు ఫోన్ చేస్తుంటుంది. మొన్న ఆమె మాట్లాడుతుంటే ఆయన పట్టుకున్నాడు. రిసీవరు లాక్కుని అరిచాడు."

"ఏమని?"

"నా పెండ్లానికి బుద్ధులు చెప్పే నోరు యాడుండాదో నాకు తెలుసు, ఆ నోట్లో బియ్యం ఏసేదాకా నిద్రపోను అని."

ఆదిమూలం చిల్లుల్లోని బియ్యం వైపు చూశాడు. "సరిపాయె. మాటంటే మాట. మనిషి నిజాయితీపరుడే. తాళంచెవి యాడ పెడతారు?"

"కింద రాజారత్నం పూలకొట్లో, మేకుకి."

"ఆ కొట్టుకు తడికే గాని తలుపు లేదే? మేకుకు తగిలించేదానికి తాళమెందుకుమా! దారం కట్టి పోతే సరిపొయ్యుండు."

అతను కోరాగుడ్డను, దండను, రూపాయి బిళ్ళను మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. పళ్ళెం అక్కర్లేదన్నాడు. సుదర్శనం గారు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు.

"వల్లీ, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగిందంటే ఈ గది మూసేస్తాను. మీ అమ్మకు నేను జవాబు చెప్పలేను."

"మూసేస్తే ఫోన్ చేసేవాళ్ళు ఎవరికి చేస్తారు సార్?"

"మనం రాకముందు ఎవరికి చేశారో వాళ్ళకే."

"ఎవరికీ చెయ్యలేదు కాబట్టే కదా మీరు పెట్టారు. ఐరాల పిల్లను మరిచిపోయారా?"

సుదర్శనం గారు అంత భయంలోనూ నవ్వారు. "ఒక్క మైసూరుపాకు ముక్క పెట్టి నెల్లాళ్ళుగా నా నోరు మూయిస్తున్నావు కదమ్మా."

ఐరాల పిల్ల అంటే కల్యాణవల్లికి గెలుపు. టెంటు సినిమా వాడితో వచ్చేసి, వాడు వదిలేసి పోతే లాడ్జిలో ఒంటరిగా మిగిలిన పిల్ల. మధ్యాహ్నంపూట లాడ్జి ఫోనులోంచి మాట్లాడేది. వినాలి తప్ప కల్పించుకోకూడదన్న నియమాన్ని కల్యాణవల్లి ఆ పిల్ల కోసమే దాటింది. ఐరాల రైసుమిల్లుకు ట్రంకాల్ బుక్ చేసి తండ్రిని పిలిపించింది. లైన్లో గాలివాన హోరు లాంటి మోత. తను చెప్పిందంతా విని, అవతలి మనిషి ఒకే మాట అన్నాడు. "వస్తాను."

ఆ మాట చెబితే పిల్ల మొదటిసారి నవ్వింది. ఏ చీర కట్టుకోనక్కా అని అడిగింది. ఆ తర్వాత మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఈ పనిలో ఫోను రాకపోవడమే శుభవార్త. మర్నాడు సాయంత్రం కల్యాణవల్లి మైసూరుపాకు కొని తెచ్చింది.

సుదర్శనం గారు వెళ్ళాక ఆమె జడపిన్ను తీసి రిసీవరు ముందేసుకుని కూర్చుంది. ఒక్కొక్క చిల్లులోంచి ఒక్కొక్క గింజను పెకలించింది. కొన్ని విరిగి లోపలికి జారాయి. మరలు తిప్పి మూత ఊడదీసి, లోపలి రేకు బిళ్ళను చీర చెంగుతో తుడిచింది. పసుపు వదలలేదు. గింజలన్నీ కాగితంలోకి ఏరింది. పారేద్దామని కిటికీ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఏ బియ్యమైనా బియ్యమే, కాళ్ళ కింద పడకూడదు. పొట్లం కట్టి సొరుగులో పెట్టింది. పళ్ళెం తీసి అలమరలో పెట్టబోతే బరువుగా ఉంది. ప్రమిద కింద ఇసుక పోసి ఉంది. ఎందుకో ఆలోచించలేదు. పెట్టేసింది.

మూత బిగించి రిసీవరు కొక్కేనికి పెట్టగానే ఫోను మోగింది.

"ఆసరా. చెప్పండి."

ఊపిరి. అంతే. ముసలి ఊపిరి, బరువైన ఊపిరి. వెనకాల ఎక్కడో గుంపుగా 'గోవిందా' అంటున్నారు, ఎవరో బస్సుకు కేకలు వేస్తున్నారు. అలిపిరి దగ్గరి ఫోను అయి ఉండాలి.

"తొందరేం లేదు. మీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పండి. నేను ఇక్కడే ఉంటాను."

మామూలుగా ఈ మాటకు ఎంత గట్టివాళ్ళైనా ఏడుస్తారు. ఈ మనిషి ఏడవలేదు, మాట్లాడలేదు, పెట్టలేదు. చేసినవాళ్ళు పెట్టేదాకా ఇవతలి లైను విడుదల కాదు. ఆ ఒక్క ఊపిరి లైనును బిగబట్టి పట్టుకుంటే, ఊళ్ళో మరెవరు చేసినా 'ఎంగేజ్' కూతే వినపడుతుంది. అదీగాక అవతలివాళ్ళు పెట్టకముందు మనం పెట్టకూడదన్నది 'ఆసరా'లో రెండో నియమం. కల్యాణవల్లి చెవి మండేదాకా ఆ ఊపిరి వింటూ కూర్చుంది. పసుపు వాసన పీలుస్తూ కూర్చుంది.

*

శుక్రవారం ధనుర్మాసం పూజకని తెల్లవారకముందే లేచిన గోదాదేవి, కూతురు బయల్దేరేవేళకు గుమ్మంలో అడ్డంగా కూర్చుని ఉంది.

"ఊళ్ళోవాళ్ళ ఏడుపులన్నీ నీ చెవిలోనే పొయ్యాలా? నా ఏడుపు వినడానికి ఏ నంబరుకు చెయ్యమంటావే?"

"నీకు నంబరెందుకమ్మా, ఎదురుగానే ఉన్నాను కదా. కానీ."

"శవం నోట్లో వేసే నోటి బియ్యమే అది. ఎవరు ఎవరికి వేస్తారో తెలుసా? రక్తం పంచుకున్నవాళ్ళు వెయ్యాలి. మీ నాన్నకు నువ్వు వేశావు, నేను వేశాను. ఎదురింటివాడు వస్తే వాడిచేత వేయించామా? దారిన పొయ్యే చండాలుడెవడో వచ్చి నీకు వేసిపోతే నేను చూస్తూ ఊరుకోవాలా?"

"నాకు కాదమ్మా, ఫోనుకు వేశాడు."

"రెంటికీ తేడా ఏముంది? రోజంతా నీ నోరు దానికే అంటుకుని ఉంటుంది కదా."

కల్యాణవల్లి అమ్మ కాళ్ళను దాటకుండా పక్కనుంచి ఒదిగి బయటపడింది. గాంధీ రోడ్డు మలుపు తిరిగాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఆగితే ఆగింది. తిరిగి చూసింది. ఒక ముసలి మనిషి, పంచె, భుజాన తుండు, చేతిలో గుడ్డసంచి, నున్నటి గుండు. ఆమె చూడగానే సోడాబండి వైపు తిరిగి నిలబడ్డాడు. పూలకొట్టు దగ్గర మెట్లెక్కుతూ చూస్తే, ఎదురుగా గోడవారన అదే గుండు.

రాజారత్నం కొట్లోంచే స్టేషనుకు ఫోన్ చేసింది.

"తిరపతిలో గుండోడు ఎంటబడినాడంటే ఎట్ల పట్టేదిమా?" అన్నాడు ఆదిమూలం. "సముద్రంలో ఉప్పు యాడుండాదని అడిగినట్టుండాది. ఆనవాలు ఇంకేమన్నా చెప్పు. కుంటా, గుడ్డా?"

"ఏమీ లేదు. మామూలు మనిషి."

"చిన్నబ్బకు గుండు లేదు, క్రాపు. అయినా మనిషిని పెట్టి నడిపించేవాడే. చిత్తూరు సంతకు పొయ్యినాడంట, ఆడనే పట్టిస్తాను. నువ్వు భయపడొద్దు. భయపడినా తలుపేసుకోని భయపడు."

మధ్యాహ్నం దాకా ముగ్గురు మాట్లాడారు. పరీక్ష తప్పిన కుర్రాడు ఒకడు, కొడుకు తిండి పెట్టడం లేదని ఒక అవ్వ, ఏమీ చెప్పకుండా పాట పాడి పెట్టేసిన ఒకామె. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చాక మళ్ళీ ఆ ఊపిరి వచ్చింది. వెనకాల 'గోవిందా'.

ఈసారి మాట కూడా వచ్చింది.

"మజ్జానం పూట మాట్లాడేది నువ్వేనా?"

కల్యాణవల్లి వేళ్ళు టెలిఫోను తీగను చుట్టుకున్నాయి. "నేనే. చెప్పండి."

"ఎప్పుడూ నువ్వేనా? పోయిన నెల గూడా నువ్వేనా?"

"నేనే."

"నువ్వు చెప్పినట్టే ఇంటారా అందరూ? కూర్చోమంటే కూర్చుంటారా?"

"మీకు ఏం కావాలి?"

చాలాసేపు ఊపిరి. తర్వాత, "రేపు గూడా నువ్వే ఉంటావా?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ ఉండనని చెబితే ఆ కుర్రాడు మళ్ళీ ఫోన్ చేసినప్పుడు ఎవరెత్తుతారు? అవ్వ ఎవరితో చెప్పుకుంటుంది?

"ఉంటాను," అంది.

అవతల రిసీవరు నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టారు. కోపంగా ఉన్నవాళ్ళు అలా పెట్టరని ఆమెకు తెలుసు. తెలిసినా, ఆ నెమ్మదితనమే ఎక్కువ భయపెట్టింది.

*

శనివారం పొద్దుటికి అంతా తేలిపోయింది. చిన్నబ్బను చిత్తూరులో పట్టుకుని రాత్రికి రాత్రే తెచ్చారట. రెండు తగిలిస్తే 'బియ్యం ఏస్తానన్నది నిజమే' అని ఒప్పుకున్నాడట. సుదర్శనం గారు సంతకం చెయ్యడానికి స్టేషనుకు వెళుతూ, గుమ్మంలో నిలబడి చెప్పారు.

"ఇంకేం భయం లేదు. వేంకటేశ్వరుడి దయ. అయినా ఈ పూటకు ఇంటికి పోరాదా?"

"ఉంటానని చెప్పాను సార్."

"ఎవరికి?"

"ఫోనుకి," అంది కల్యాణవల్లి. ఆయన తల ఊపి మెట్లు దిగిపోయారు.

మధ్యాహ్నం భోజనాలవేళ కింద రాజారత్నం తడిక దించి ఇంటికి పోయాడు. వీధి సద్దుమణిగింది. కల్యాణవల్లి క్యారియరు మూత తీసిందో లేదో ఫోను మోగింది.

"అమ్మా, నేను కుప్పమ్మను. మండీ చిన్నబ్బ పెండ్లాన్ని."

"చెప్పు కుప్పమ్మా. ఎట్లున్నావు?"

"వాన్ని పట్టుకున్నారంట గదా. సంతకు పొయ్యినకాడ్నుంచి, రెండు దినాలుగా ఇల్లు నిమ్మళంగా ఉండాదిమా. అన్నం రుచి గూడా తెలస్తాండాది. అట్లని అబద్ధం మొయ్యలేను. బియ్యం ఏసింది బుధవారం రాత్రి గదా? ఆ రాత్రంతా ఆయప్ప ఇల్లు కదల్లేదు. సాక్షి ఎవురంటే నా ఈపే సాక్షి. బెల్టు వాతలు ఇంకా అట్లనే ఉండాయి."

కల్యాణవల్లి చేతిలోని క్యారియరు మూతను బల్ల మీద పెట్టింది. చిన్నబ్బ కాదు. అయితే ఎవరు?

వెనకాల తలుపు కిర్రుమంది. మూసుకుంది. గడియ పడింది.

ఆమె తిరిగి చూసింది. గుండు మనిషి. చేతిలో అదే గుడ్డసంచి. తలుపుకు వీపు ఆనించి నిలబడి ఆమె వైపు, ఆమె చేతిలోని రిసీవరు వైపు చూస్తున్నాడు.

"ఇంటాండావామా?" అంది కుప్పమ్మ. "పోలీసోళ్ళకు చెప్పాల్నా, వద్దా? చెప్తే ఇడిచిపెడతారు. ఇడిచిపెడితే ఇంటికొస్తాడు. వస్తే నన్ను..."

"వింటున్నాను. చెప్పు."

కేక వేస్తే వినేవాళ్ళు లేరు. కుప్పమ్మకు చెబుదామంటే ఆమె వీపే ఆమె మోయలేకుండా ఉంది. పెట్టేసి పోలీసులకు చేద్దామంటే, కుప్పమ్మ పెట్టేదాకా లైను రాదు. ఆ మనిషి ఒక అడుగు ముందుకు వేశాడు. అతను చెయ్యి చాపాడు. రెండో కుర్చీని లాక్కుని దూరంగా, గోడవారన కూర్చున్నాడు. సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. రిసీవరు వైపు గడ్డం ఎత్తి చూపించి, మెల్లగా అన్నాడు.

"కానీమా. మాట్లాడు. ఎవురి బిడ్డో ఏమో."

కుప్పమ్మ ఏడుస్తోంది. కల్యాణవల్లి ఆమెతో మాట్లాడింది. అన్న ఇంటికి పోయి అక్కడినుంచి స్టేషనుకు కబురు పంపమంది. నిజం చెప్పమంది, దెబ్బలు కూడా చూపించమంది. ఒంటరిగా మాత్రం ఇంట్లో ఉండొద్దంది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు ఆ మనిషి మీదే ఉంది. అతను వింటున్నాడు. గుడిలో హరికథ వింటున్నవాడిలా, తల వంచుకుని, ఒక్క మాట పోకుండా వింటున్నాడు. ఎండ అతని గుండు మీద పడింది.

అప్పుడు చూసింది. ఆ తల మీద గంధం లేదు.

కొండ మీద మొక్కు తీర్చుకున్న ఏ తలకైనా గంధం ఉంటుంది. తిరుపతి వీధుల్లో పుట్టి పెరిగిన కళ్ళకు ఆ పసుపుపచ్చటి తలలు అలవాటు. కడుక్కున్నా చెవుల వెనకన్నా ఇంత మిగులుతుంది. నిన్న కూడా ఈ తల ఇలాగే ఉంది, వట్టిగా. మీసం కూడా లేదు. ఇది మొక్కు గుండు కాదు.

ఆమె కళ్ళు అలమరలోని సత్తు పళ్ళెం మీదికి వెళ్ళాయి. బల్ల మాడకుండా ప్రమిద కింద ఇసుక పోశాడు. భయపెట్టడానికి వచ్చినవాడు బల్ల గురించి దిగులుపడతాడా? నోటి బియ్యం ఎవరు ఎవరికి వేస్తారో తెలుసా అని అమ్మ అడిగింది.

కుప్పమ్మ పెట్టేసింది. కల్యాణవల్లి రిసీవరును కొక్కేనికి పెట్టింది. ఇప్పుడు లైను ఖాళీగా ఉంది. స్టేషను నంబరు ఎదురుగా గోడ మీదే ఉంది. ఆమె చెయ్యి డయలు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"మీకు ఎవరు పోయారు పెద్దాయనా?" అంది.

అతను లేచాడు. సంచిని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక దువ్వెన తీశాడు, పౌడరు డబ్బా తీశాడు, ఆసరా చీటీ ఒకటి తీశాడు. లాడ్జి అద్దం పక్కనుంచి గోటితో ఒలిచిన చీటీ. అంచులకు సున్నం అంటుకుని ఉంది.

"జ్ఞానాంబ," అన్నాడు. "నీకు పేరు తెలియదేమో. పేరడగరంట గదా. లాడ్జాయన చెప్పినాడు. ఐరాల మునిరామయ్య కూతురు."

కల్యాణవల్లికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా, కాలేదనే అనుకుంది.

"లేదు. ఆ పిల్ల ఇంటికి చేరింది. మీరు వస్తానన్నారు. నేనే మాట్లాడాను. మళ్ళీ ఫోన్ రాలేదు..."

"యాడ నుంచి వస్తాది మా? ఆ మర్నాడు మాపుటేలే కొండదావ పట్టి, నడిచేవాళ్ళను ఇడిచిపెట్టి అడవిలోకి తిరుక్కుందంట. కట్టెలు కొట్టేవాళ్ళు సూసేటప్పటికి... గుర్తుపట్టేదానికి లేకపాయ. దిక్కులేని శవమని మునిసిపాలిటీవాళ్ళే కాల్చేసినారు. లాడ్జిలో ఊరు రాసిచ్చింది కాబట్టి, ఆనక పోలీసులు చీర ముక్క తెచ్చి చూపించినారు. ఇరవై దినాలు అయిపొయ్యింది అప్పటికి."

ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులూ ఫోను రాని ప్రతి మధ్యాహ్నమూ కల్యాణవల్లి సంతోషపడింది. మైసూరుపాకు తీపి ఇప్పుడు నాలుక మీదికి వచ్చినట్టై, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లాడ్జి గడపలో కూర్చోమని నేనే చెప్పాను," అంది. "మీ నాయన వస్తాడు, కదలకుండా కూర్చో అని."

"నువ్వు మంచే చెప్పినావు. దాని మాటలేమన్నా ఉంటే చెప్పు. అది అడిగేదానికే మూడు దినాలుగా నీ ఎనక తిరగతాండా. ఫోను చేస్తా, నోరు రాదు. కడగా ఏం మాట్లాడింది?"

కల్యాణవల్లి కళ్ళు తుడుచుకుంది. "ఏ చీర కట్టుకోను అని అడిగింది. మీ నాయనకు ఏ రంగు ఇష్టమని నేనంటే, ఆయనకు రంగులు తెలియవక్కా, మా అమ్మ చీరైతే గుర్తుపడతాడు అంది. అని నవ్వింది."

మునిరామయ్య రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. కింద వీధిలో జట్కా ఒకటి గజ్జెల చప్పుడుతో వెళ్ళింది. సంచి అడుగు నుంచి ఒక చిన్న మూట తీసి విప్పాడు. పసుపు కలిపిన బియ్యం.

"కాల్చేసిన బిడ్డకు నోరెక్కడ తెచ్చేది? అది కడగా మాట్లాడింది దీంట్లోనే. అందుకని ఆ రాత్రి వచ్చి దీనికే ఏసినా. నిన్ను భయపెట్టల్లని గాదు. ఊళ్ళో ఏడ్చేదానికి లేదు, గుండు గూడా ఈడనే చేయించుకుంటి. తిరపతిలో గుండు చేయించుకుంటే ఎందుకని ఎవురూ అడగరు గదా. నువ్వు గూడా రెండు గింజలు ఏస్తావామా? కడగా దాంతో మాట్లాడిన ఆడకూతురివి నువ్వొక్కదానివే."

కల్యాణవల్లి బియ్యంలో చెయ్యి పెట్టింది. గింజలు వేళ్ళ మధ్య చల్లగా ఉన్నాయి. పిడికిలి బిగించి అతని ముఖంలోకి చూసింది.

"వస్తానన్నారు కదా. ఎందుకు రాలేదు?"

మునిరామయ్య తలుపు గడియ వైపు చూస్తూ చెప్పాడు.

"వచ్చినానుమా. రాలేదని ఎవురన్నారు? మర్నాడే మొదటి బస్సుకు ఎక్కినా. వాళ్ళమ్మకు గూడా చెప్పలా, సంతకు పోతాండానని అంటి. లాడ్జికి ఎదురుగ్గా బడ్డీకొట్టు ఉండాది సూడు, ఆడ నిలబడినా. మెట్టు మీంద కూర్చోనుండాది. ఆకుపచ్చ చీర. వాళ్ళమ్మదే. లాడ్జిలో ఇడిచిపెట్టి పొయ్యిన ఈ సంచే ఒళ్ళో పెట్టుకోని, వచ్చే పొయ్యే మొఖాలు ఒక్కొక్కటే సూస్తాండాది. చిక్కిపొయ్యింది. రోడ్డు దాటితే అయిపొయ్యుండు. నాకప్పుడు ఏం గుర్తుకొచ్చిందో తెలుసునా? గడ్డిబొమ్మ. అది లేచిపొయ్యిన ఆషాడం నెలలోనే, కులపెద్దలు కూర్చోని, చచ్చిపొయ్యిందనుకో అని కర్మ చేయించినారు. ఊరంతా సూస్తాండంగా, దాని పేరు పెట్టి గడ్డిబొమ్మను పండబెట్టి, ఈ చేత్తోనే దాని నోట్లో బియ్యం ఏసినా. మునిరామయ్య అంటే మగోడు అన్నారు. నిజంగా పోయినాక మళ్ళా కర్మ చేస్తానంటే, ఒక మనిషికి రెండుసార్లు ఎట్ల చేస్తావురా, పిచ్చోడా అన్నదీ వాళ్ళే. ఆ పొద్దు బడ్డీకొట్టు కాడ ఆ గడ్డిబొమ్మ ఆలోచనే నాకు. కర్మ చేసిన బిడ్డను చెయ్యి పట్టుకోని ఊళ్ళో ఎట్ల దిగేది? దయ్యాన్ని తెచ్చినాడంటారా, మాట తప్పినాడంటారా? ఇట్ల కొలుచుకుంటా ఆడనే నిలబడినా. అంతలో అది నన్ను సూసింది. లేసింది. నాయనా అని పిలవలా. చెయ్యెత్తింది మా. చిన్నప్పుడు బడికాడ నన్ను సూస్తే ఎట్ల ఎత్తేదో, అట్లనే. నేను తుండు తల మీంద కప్పుకున్నా. కప్పుకోని, ఎవురో దావన పొయ్యేవాని మాదిరి, చిత్తూరు బస్సు కదల్తాంటే ఎక్కేసినా. ఎనక్కి తిరగలా. ఎండకు కప్పుకున్నాడులే అనుకుంటాది, ఎవురో అనుకోని మళ్ళా కూర్చుంటాది అని బస్సులో అంతసేపూ నాకు నేనే చెప్పుకుంటి. అది గుర్తుపట్టింది. దాన్ని సినిమావాడు చంపలా, నువ్వు చంపలా. నేను చంపినా. ఆ పోలీసాయనకు ఫోను చెయ్యి. మండీ మనిషిని పట్టుకున్నారని వీదిలో అనుకుంటాండ్రి; వాని పెండ్లాం కత వేరే, దానికి వాన్ని కొట్టమను. బియ్యం కతకు మాత్రం ఇడిచిపెట్టమను. అది నేనని రాసుకోమను. దాంతోబాటు ఇది గూడా రాసుకోమను: మొదుట గడ్డి నోట్లో ఏసినాడు, కడగా ఫోను నోట్లో ఏసినాడు, బిడ్డ నోరు నాయనా అని పిలిచేదానికి తెరుచుకుంటాంటే మాత్రం, తలకు తుండు కప్పుకున్నాడు అని."